టిక్కు తీసే ముందు

బాణం గుర్తు ఆ చిన్న గడి మీదే ఆగి ఉంది, గడిలో టిక్కు ఉంది, ఆ టిక్కు తీసెయ్యమని తమ్ముడు ఫోనులో చెప్పి పెట్టేసి చాలాసేపయింది, ఆమె చెయ్యి మాత్రం మౌసు మీద చెమట పట్టి అలాగే ఉండిపోయింది. బల్ల కింద కంప్యూటరు డబ్బా కిరకిరలాడుతోంది. లోపల ఎలుక దూరి అట్టలు కొరుకుతున్నట్టు పొద్దుటినుంచీ అదే చప్పుడు. తెర మీద, ఈ గడి ఉన్న పెట్టె వెనకాల, స్నానాలగది పలకల కేటలాగు సగం కనిపిస్తోంది. శంఖం బొమ్మ వేసిన నీలం పలక పై సగం వచ్చింది, కింది సగం ఇంకా రాలేదు, వస్తుందో రాదో దానికే తెలియదు. ఇలాంటి పలకలు ఇంకా ఎన్ని పేజీలున్నాయో తలుచుకుంటేనే నీరసం వచ్చింది. సాయంత్రానికి పంపకపోతే ఈ పని ఇంకెవరికైనా ఇచ్చుకుంటానమ్మా, ఏమనుకోకు, అని ప్రెస్సాయన ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆయన మర్యాదగా మాట్లాడాడంటే మనసులో అప్పటికే ఇచ్చేసినట్టు. ఇంట్లో కూచుని పేజీలు పెట్టే ఈ పని పోతే ఆమె బయటికెళ్లి ఏదో ఒకటి చూసుకోవాలి, ఆమె బయటికెళితే ముందుగదిలో మంచం మీదున్న మనిషిని కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేరు, లేరు కాబట్టి ఆడపడుచు చూసి పెట్టిన ఆ పెద్ద భవనంలో ఆయన్ని దిగబెట్టి రావాలి. అక్కడ తోట ఉంది వదినా, నర్సులుంటారు, నీకూ కాస్త ఊపిరాడుతుంది, అని ఆడపడుచు ఫోను చేసినప్పుడల్లా అంటుంది. ఈ ఇంట్లో ఊపిరాడక చస్తున్నానని తను ఎప్పుడు అంది? అనే ఉంటుంది. అలసటలో నోటికి ఏదొస్తే అది అనేస్తోంది ఈమధ్య.

టిక్కు తీస్తే అన్నీ సర్దుకుంటాయట. తమ్ముడు ఓపిగ్గానే చెప్పాడు. పనిలేనప్పుడు కూడా అది లోపల తిరుగుతూనే ఉంటుందక్కా, ప్రతి ఫైలూ విప్పి చూసి, ఏ మాట ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటుంది, ఎప్పుడో ఒకప్పుడు నువ్వు అడుగుతావని. ముసలి మిషను కదా, ఉన్న ఓపికంతా దానికే అయిపోతోంది. ఆ ఇండెక్సింగు ఆపేస్తే నీ పలకలు పరుగెత్తుకుంటూ వస్తాయి. మరి మీ బావ ఫైళ్లు, అని ఆమె అడిగింది. అడిగేటప్పుడు గొంతు మామూలుగానే పెట్టింది. అవెక్కడికి పోతాయి, ఉన్నచోటే ఉంటాయి, కాకపోతే ఇకమీదట పైపేర్లు పట్టుకునే వెతకాలి, లోపలి మాటలు దానికి దొరకవు, అన్నాడు తమ్ముడు. ఈ ఓదార్పు ఆమెకి కొత్త కాదు. డాక్టరు కూడా సరిగ్గా ఇలాగే, పెన్ను మూత తిప్పుకుంటూ, మాటలన్నీ లోపలే ఉంటాయమ్మా, ఆయనకి వాటి దగ్గరికి వెళ్లే దారే దొరకదు, అన్నాడు. ఉండి ఏం లాభం అని అప్పుడు అడగలేకపోయింది, ఇప్పుడు తమ్ముణ్ణీ అడగలేకపోయింది. సరేరా, తీసేస్తాను, అంది.

పైపేర్లు పట్టుకుని వెతకాలట. ఆయన పెట్టిన పేర్లు చూస్తే తమ్ముడు ఆ మాట అనడు. ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. పగలంతా ఏ భవనం నెత్తినో, ఇంజనుగదిలో, గ్రీజు పూసుకుని తిరగడం, సాయంత్రం ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుని ఈ మిషను ముందు కూచుని రిపోర్టు కొట్టడం. కొట్టాక పేరేం పెట్టమంటావని అది అడిగితే అరచేయి తీసుకెళ్లి అక్షరాల మీద అద్దేవాడు. ఏ నాలుగు అక్షరాలు పడితే అదే పేరు. అట్లాంటివి కొన్ని వందలు, ఒకదానికీ తలాతోకా లేదు. బారసాల కాని పిల్లల్లా అలా వదిలేస్తారేమిటండీ, కాస్త పేరు పెట్టండి, రేపు ఎలా దొరుకుతాయి, అని ఆమె పోరేది, తనదంతా ఒక పద్ధతి, పేజీ అంచు వెంట్రుకవాసి తప్పినా నిద్రపట్టదు. ఆయన నవ్వేవాడు. పేరెందుకోయ్, లోపల ఏముందో దానికి తెలుసు, అడిగితే అదే తెచ్చిస్తుంది, అనేవాడు. పేరెందుకోయ్. ఆమెని కూడా పేరు పెట్టి పిలిచింది ఎన్నడూ లేదు, పెళ్లయిన కొత్తలో నలుగురి ముందూ సిగ్గుపడి ఏమోయ్ అన్నాడు, ఆ ఏమోయ్‌తోనే కాపురమంతా నడిచిపోయింది. వంటగదిలోకి ఏమోయ్, మేడ మీదకి ఏమోయ్, ఆస్పత్రి వరండాలో కూడా ఏమోయ్ అని కేకేస్తే అక్కడున్న ఆడవాళ్లందరూ తిరిగి చూశారు.

ఆయన అన్నమాట నిజమే, అడిగితే అదే తెచ్చిచ్చింది. ఆయన మాట పోయాక ఆమెకి ఇదొక అలవాటు పడింది. అన్నం తిన్నాక, పలకలు మొదలుపెట్టే ముందు, వెతికే గడిలో ఒక మాట కొట్టడం. తాడు అని కొడితే తాడున్న రిపోర్టులన్నీ ఆ మాట దగ్గర పసుపు పూసుకుని బారులు తీరేవి. ఒక్కోటి విప్పితే ఆయన గొంతు. ఈ లిఫ్టు తాడు కంటే మా ఇంటి బట్టల తాడు గట్టిది, అని ఒక దాంట్లో రాశాడు, అధికారులు చదివే కాగితంలో. ఈ లిఫ్టు ఎక్కేవారు ముందుగా ఇంట్లో చెప్పి రావలెను, అని ఇంకోదాంట్లో. ఆమె ఒక్కతే కూచుని నవ్వేది, నవ్వి, ముందుగదిలోకి చూసేది, అక్కడ ఆ మనిషే, ఆ చేతులే, గోడకేసి చూస్తూ. అలా రోజూ ఒక మాట. కొన్నాళ్లకి ధైర్యం చేసి తన పేరు కొట్టింది. తను రాసుకున్న ఉద్యోగపు దరఖాస్తు ఒకటి వచ్చింది, అంతే. ఏమోయ్ అని కొడితే ఏమీ దొరకలేదంది. భార్య అని కొడితే ఒకటి వచ్చింది, ఆత్రంగా విప్పితే, ఎవరో మేనేజరుగారి భార్య రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఇరుక్కున్న సంగతి. అప్పుడు నవ్వు రాలేదు. ఇన్నేళ్లు ఒక ఇంట్లో బతికాం, ఊళ్లో ప్రతి భవనం తాడు గురించీ రాసిన మనిషి నా గురించి ఒక్క ముక్క రాసుకోలేదు, అనుకుంది. రాసేదేముంటుంది, ఎదురుగా ఉన్న మనిషి గురించి ఎవరైనా రాసుకుంటారా, అని తనకి తనే సర్దిచెప్పుకుంది. చెప్పుకున్నా మనసు ఊరుకోలేదు. దేనికోసం ఉంచాలి ఈ టిక్కు, లిఫ్టు తాళ్ల కోసమా? బాణం గుర్తు కదిలింది. టిక్కు పోయింది. అది మళ్లీ అడిగింది, ఈ డ్రైవుకేనా, లోపలున్న వాటన్నిటికీనా. అడగడం మాత్రం బాగా వచ్చు దీనికి.

ముందుగదిలో గడియ టకటకలాడుతోంది. గాలి లేచినట్టుంది. గడియ వదులైపోయింది, దాన్ని ఎన్నిసార్లు తీసి ఎన్నిసార్లు వేసిందో, ఇనుమైనా అరగదూ. మాటలు ఒక్కసారిగా పోలేదు ఆయనకి, ముందు ఒకదాని చోట ఒకటి వచ్చి కూచున్నాయి. తాళంచెవి కనబడక ఇల్లంతా తిరుగుతూ చెంచా ఏదోయ్ చెంచా అన్నాడు. ఫోను మోగుతుంటే గొడుగు మోగుతోంది చూడు అన్నాడు. ఇద్దరూ పడీపడీ నవ్వారు, అప్పటికింకా అది నవ్వుకునే విషయం. తర్వాత తర్వాత ఆమె ఆ భాష నేర్చుకుంది. దుప్పటిని పేపరంటాడు, మంచినీళ్లని సోమవారమంటాడు, ఆకలేస్తే చెప్పులంటాడు. తమ్ముడు వచ్చినప్పుడు ఆయన సోమవారం అడిగితే చటుక్కున గ్లాసు అందించి, చూశావా, ఈయన నిఘంటువంతా నా దగ్గరుంది, అని గొప్పగా చెప్పింది. ఆ గొప్ప తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆఖరికి అవీ పోయాయి, సోమవారమూ పోయింది, ఏమోయ్ కూడా పోయింది, మిగిలింది ఒకే ఒక్క మాట. కిటికీ.

ఆ కిటికీతో ఆమె ప్రాణం విసిగిపోయింది. ముందుగదిలో వీధివైపు ఉన్న కిటికీ అది, వెలుతురుంటుందని దాని పక్కనే మంచం వేయించింది. అంతకుముందు అక్కడ ఈ కంప్యూటరు బల్ల ఉండేది. ఆమె అక్కడ కూచుని పని చేసుకుంటుంటే, సాయంత్రం ఆయన వీధి మలుపు తిరుగుతూ తలెత్తి చూసేవాడు, ఈమె చెయ్యెత్తేది, ఇక పొయ్యి మీద నీళ్లు పెట్టొచ్చని లేచేది. మంచం కోసం బల్లని లోపలిగదిలోకి, గోడకి ఎదురుగా మార్చేశారు. ఇక మొదలయింది కిటికీ గోల. ఇక్కడ పేజీ సగంలో ఉండగా అక్కడినుంచి, కిటికీ. లేచి వెళ్లి తెరిచేది. వచ్చి కూచునేసరికి మళ్లీ, కిటికీ. మూసేది. మళ్లీ కిటికీ. పరదా పక్కకి లాగేది, అద్దం తుడిచేది, గట్టిగా తెరిచి అట్టముక్క మడిచి దోపేది. ఆయన మంచం పట్టె మీద అరచేత్తో కొట్టేవాడు, కిటికీ, కిటికీ, కళ్లలో నీళ్లు. ఇంతకంటే తెరవడం నావల్ల కాదండీ, గోడ పగలగొట్టమంటారా, అని ఒకరోజు అరిచేసింది. ఆయన చెయ్యి పట్టె మీదే ఆగిపోయింది. అరిచాక ఆమె వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చింది. చలికాలమంతా ఆ కిటికీ తెరిచి ఉంచి తను శాలువా కప్పుకుని పని చేసింది. తర్వాత ఒకరోజు పిలుపు రాలేదు. మర్నాడూ రాలేదు. కిటికీ గోల తగ్గిందిరా, కాస్త పని సాగుతోంది, అని తమ్ముడికి ఫోనులో చెప్పింది, హమ్మయ్య అని కూడా అంది. గడియ వేసేసింది. ఆయన ఆ తర్వాత ఏ మాటా అనలేదు.

టకటక, టకటక. తెర మీద ప్రశ్న అలాగే ఉంది. ఆపేశాక ఒకసారి ఏదైనా వెతికి చూడక్కా, ఆగిందో లేదో తెలుస్తుంది, అన్నాడు తమ్ముడు. ఆపాక ఎందుకు, ఆపే ముందే చూద్దాం, ఆఖరిసారి, అనుకుంది. ఉన్నవాటిని వెతికే ఓపిక లేదు. లేనిదాన్ని అడుగుదాం, లేదని ఎంత తొందరగా చెబుతుందో. ఆయన రాసినదంతా లిఫ్టులే, లిఫ్టుకి తలుపుంటుంది, కిటికీ ఉండదు. వెతికే గడిలో కిటికీ అని కొట్టింది, కొంచెం కక్షగానే కొట్టింది.

పసుపు గీతలు వచ్చాయి. ఒకటి కాదు. తెర కింది దాకా వచ్చాయి, కిందికి జరిపితే ఇంకా ఉన్నాయి. అన్నీ అరచేతి పేర్లే. లిఫ్టుల్లో కిటికీలేమిటి, కొత్త రకమేమో, అద్దాల లిఫ్టులు వచ్చాయి కదా, అనుకుంటూ ఒకటి విప్పింది. రిపోర్టు కాదు. రెండు వాక్యాలున్నాయి. కిటికీకి ఇప్పుడే చెప్పకూడదు. భయపడుతుంది. ఆమెకి అర్థం కాలేదు. కిటికీ భయపడడమేమిటి. తేదీ చూస్తే డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లిన రోజు కంటే చాలా ముందు, ఆయన ఇంకా ఉద్యోగానికి వెళ్తున్న రోజులు, చెంచాలూ గొడుగులూ ఇంకా మొదలవని రోజులు. ఇంకోటి విప్పింది. కిటికీ ఈవేళ నవ్వలేదు. నేనేదో అని ఉంటాను. ఏమన్నానో గుర్తు రావడం లేదు. ఇంకోటి. కిటికీకి మెడనొప్పి, బల్ల ఎత్తు తగ్గించాలి. ఆ బల్ల కాళ్లు ఆయన ఒక ఆదివారం కూచుని రంపంతో కోశాడు. ఎందుకండీ ఉన్నట్టుండి అంటే, బల్ల నన్ను అడిగిందోయ్, అన్నాడు. ఆమె మోకాళ్లు ఇప్పుడు ఆ కోసిన బల్ల కిందే ఉన్నాయి.

ఒక్కొక్కటే విప్పింది. మిషను మెల్లగా విప్పింది, మొరాయించుకుంటూ విప్పింది, ఆమె దాన్ని తిట్టలేదు. కిటికీ పుట్టినరోజు ఎప్పుడో దాని తమ్ముణ్ణి అడగాలి, అనుమానం రాకుండా అడగాలి. సాయంత్రం మలుపులో ఇల్లు గుర్తుపట్టలేదు. కిటికీ చెయ్యెత్తింది. ఇల్లు అదే. ఇంకొకటి, కాస్త పెద్దది. పేరు నాలిక మీదే ఉంది, రావడం లేదు. నోటి పిలుపుకి పలుకుతోంది కాబట్టి గడిచిపోతోంది, ఇంకా కనిపెట్టలేదు. రాసుకోవాలంటే ఆ పిలుపు రాసుకోలేను కదా. పేరు వచ్చేదాకా కిటికీ అని రాస్తున్నాను. ఆ కింద, కిటికీ పేరు, అని రాసి, పక్కన ఖాళీ వదిలాడు. ఆ ఖాళీ ఇంకా అలాగే ఉంది. కర్సరు అక్కడ వెలిగి ఆరుతోంది.

పేరు అప్పుడే పోయింది. తను నవ్వుతూ తిరిగిన రోజుల్లోనే, ఏమోయ్ అన్న పిలుపు వెనకాల ఆ ఖాళీ పెట్టుకుని ఆయన ఒక్కడే ఎన్నాళ్లు తిరిగాడు, పేరు పెట్టి పిలిచే అలవాటున్న మగవాడైతే మొదటివారంలోనే పట్టుబడేవాడు. పేరు వచ్చేదాకా అన్నాడు, పేరు రాలేదు, ఏమోయ్ కూడా పోయాక, తన కోసం తనే దాచిపెట్టుకున్న ఆ ఒక్క మాట బయటికి తీశాడు. చెప్పులంటే అన్నమని పోల్చుకుంది, సోమవారమంటే నీళ్లని పోల్చుకుంది, ఆయన భాషలో ఏ మాటకీ ఉన్న అర్థం ఉండదని లోకానికంతా చెప్పింది, ఈ ఒక్కదాన్ని మాత్రం ఉన్నదున్నట్టు తీసుకుంది. ఎదురుగా కిటికీ ఉంది కదా మరి. పిలుస్తున్నాడు, తను వెళ్తోంది, మంచం దాటి వెళ్లి గడియ తీస్తోంది, వెనక్కి వచ్చేస్తోంది. చలికాలమంతా. గోడ పగలగొట్టమంటారా అంది. హమ్మయ్య అంది. ఆమె నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది, అది తనదేనని కాసేపటికి తెలిసింది.

పలకల కేటలాగు ఆ పెట్టె వెనకాల ఇంకా సగంలోనే ఉంది. సాయంత్రానికి అందదు. ప్రెస్సాయన ఇంకొకరిని చూసుకుంటాడు, ఆడపడుచు తోట గురించి మళ్లీ చెబుతుంది, ఈసారి తను కాదనలేదేమో, ఎన్నాళ్లు కాదంటుంది. అదంతా ఆమెకి స్పష్టంగానే కనబడింది. ప్రశ్న ఉన్న పెట్టెలో వద్దు అని నొక్కింది. టిక్కు తిరిగి తన గడిలోకి వచ్చి కూచుంది. డబ్బా కిరకిర పెంచింది, ఈలోగా విప్పినవి కూడా మళ్లీ చూసుకుంటోంది కాబోలు. ఆమె లేచింది. కుర్చీ పట్టుకుని కాసేపు నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, ముందుగదిలోకి వెళ్లింది.

ఆయన మెలకువగానే ఉన్నాడు. గోడకేసి చూస్తున్నాడు. ఆమె మంచం పట్టె మీద, ఆయన అరచేత్తో కొట్టిన చోట కూచుంది. చెయ్యి తీసుకుంది. వెచ్చగా ఉంది, గోళ్లు పెరిగాయి, రేపు తీయాలి. మొహం మీదికి వంగి, ఆయన కళ్లు తన కళ్ల మీదికి వచ్చేదాకా ఆగింది.

"నేనేనండీ కిటికీని," అంది.

ఆయన విన్నాడు. ఆ మాట లోపలికి ఎంత దూరం వెళ్లిందో, ఎక్కడెక్కడ తిరిగిందో, చాలాసేపటికి కనుబొమలు కొద్దిగా కదిలాయి. తెలిసిన మాటే. ఆమె ఇంకోసారి అంది, మెల్లగా, పసివాడికి చెప్పినట్టు, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని. ఆయన తల దిండు మీద జరిగింది. ఆమె వైపు కాదు. అటువైపు తిరిగి, గడియ వేసి ఉన్న కిటికీని చూశాడు. దుప్పటి మీద వేలు ఒకటి లేచి దాన్ని చూపించింది, పాఠం సరిగ్గా అప్పజెప్పిన పిల్లాడిలా. కిటికీ అంటే ఏమిటో ఆమే నేర్పింది. పిలిచిన ప్రతిసారీ లేచి వెళ్లి, ఇదే, ఇదే, అని చూపించి చూపించి, చలికాలమంతా కూచుని నేర్పింది. ఆయన నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ మాటకి అదొక్కటే అర్థం.

లోపలిగదిలో డబ్బా కిరకిరలాడుతూనే ఉంది. వేలు ఇంకా లేచే ఉంది, ఆయన ఎదురుచూస్తున్నాడు. ఆమె చెయ్యి వదిలి, లేచి వెళ్లి గడియ తీసింది.